అవతలి పక్క నీళ్ళు

మట్టికి రోనాల్డ్ సారంటే భయమని రాంగోపాల్‌పేట్‌లోని ఆయన ల్యాబులో పనిచేసేవాళ్ళు నవ్వుకునేవారు. అపార్ట్‌మెంటు కట్టాలన్నా, బడి కట్టాలన్నా ముందు ఆయన మనుషులు పోయి నేలలోంచి మట్టి తీసుకురావాలి. ఆయన దాన్ని ఆరబెట్టి, నలిపి, నానబెట్టి, పునాది ఎంత లోతుకు పోవాలో తేల్చాలి. నల్లరేగడి అయితే మరీను. అదేం మామూలు మట్టా! వానొస్తే పొంగి ఇంటినే పైకెత్తుతుంది, ఎండొస్తే ముడుచుకుని గోడను నిలువునా చీలుస్తుంది. "పైన నేల కదులుతనే ఉంటది. కదలని లోతుకు పోయి పునాది వెయ్యాలె, లేకుంటే పరేషాన్ అయితరు" అని బిల్డర్లకు విసుగు లేకుండా చెప్పేవాడు.

అలాంటి మనిషి సొంత కూతురి సమాధికి పునాది చెప్పలేకపోయాడు.

జెరూషా డిగ్రీ చదువుతుండగా డెంగీతో పోయింది. ఒక్కతే కూతురు. బోయిగూడ అవతల సమాధుల తోటలో మట్టి ఇచ్చి వచ్చారు. రాయి పెట్టే రోజున మేస్త్రీ కామరాజు, "సారూ, కింద ఎంత తవ్వమంటరు?" అని అడిగితే, ఈయన మొహం అటు తిప్పుకుని చెయ్యి ఊపేశాడు. ఆ చెయ్యూపుకు కామరాజు ఏం అర్థం చెప్పుకున్నాడో ఏమో, ఆ నల్లరేగడి మీదే నాలుగు ఇటుకలు పరిచి రాయిని నిలబెట్టేశాడు. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డదంటే ఇదే. ఆ తర్వాత రోనాల్డ్ తోట గేటు దాటలేదు. చర్చికి పోయేవాడు, మోండా మార్కెట్‌కు పోయి కూరలు తెచ్చేవాడు, అటు వైపు మాత్రం ఆయన స్కూటర్ తిరిగేది కాదు. ఎందుకు రారని భార్య కాంతమణి ఒకటి రెండుసార్లు అడిగి, ఇక అడగడం మానేసింది.

కాంతమణి టీచరు. బడి వదలగానే తిన్నగా తోటకే పోయేది. ప్రహరీకీ రాయికీ మధ్య సాయంత్రం కాస్త నీడ పడుతుంది. ఆ నీడలో కూర్చుని, ఆ రోజు జరిగినవన్నీ కూతురికి చెప్పి, రాయి పక్కన తాను నాటిన బంతి మొక్కలకు డబ్బాతో నీళ్ళు పోసి ఇంటికి వచ్చేది.

ఎండలు ముదిరేసరికి రాయి ఒరిగింది. ఆమె కూర్చునే వైపు కాదు, అవతలికి.

"నా మీద కోపంతో మొహం తిప్పుకుంటోందండీ," అంది కాంతమణి ఆ సాయంత్రం, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి. "జ్వరంగా ఉందమ్మా అంటే, ఈ మాత్రం దానికే కాలేజీ మానేస్తావా, ప్రాక్టికల్స్ ఉన్నాయి కదా అని పంపించాను. అది మర్చిపోలేదు. దేవమ్మత్తయ్య కూడా అంటోంది, ఆత్మకు నెమ్మది లేకపోతేనే ఇలా అవుతుందని."

దేవమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పెళ్ళింట్లోనైనా చావింట్లోనైనా ఆవిడ జోస్యం ఒకటి ఉండి తీరాలి.

"ఊరుకో కాంతం, రాయి ఒరిగితే దానికి..." అనబోయి రోనాల్డ్ ఆగిపోయాడు. ఎందుకు ఒరిగిందో చెప్పాలంటే చూడాలి. చూడాలంటే పోవాలి. భార్య మొహం చూశాక పోక తప్పలేదు.

మర్నాడు పొద్దున, చేత్తో తిప్పి నేలలోకి దించే ఆగర్ పట్టుకుని పోయాడు. తోట కాపలాదారు భద్రయ్య ఎదురొచ్చాడు. "ఏందీ సారూ, గీడ బోరు ఏస్తరా?"

"కాదు భద్రయ్యా, జెర మట్టి చూడాలె."

"అమ్మ దినాం నీళ్ళు పోస్తది సారూ. గింత ఎండల సుత ఒక్కనాడు ఆగలే."

రాయిని చూడగానే రోనాల్డ్‌కు సంగతి తెలిసిపోయింది. ప్రహరీ వైపు నేల తడిగా, మెత్తగా ఉబ్బి ఉంది. అవతలి వైపు చెయ్యి దూరేంత నెర్రెలు. అయినా ఆయన పద్ధతి ఆయనది, మట్టి తియ్యకుండా మాట చెప్పడు. సమాధికి ఎడంగా ఆగర్ పెట్టి తిప్పాడు. మోకాటి లోతు దిగింది, నడుము లోతు దిగింది. అక్కడ ఆయన చేతులు ఆగిపోయాయి. ఈ మట్టి ఎంత లోతు దాకా కదులుతుందో ఆయనకు కంఠతా వచ్చు. పెట్టె దించింది అంతకంటే పైనే. ఊళ్ళోవాళ్ళ ఇళ్ళన్నిటినీ ఆ కదిలే పొర దాటించినవాడు, తన బిడ్డను అందులోనే పడుకోబెట్టాడు. ఆగర్ వదిలేసి, అయ్యో నా తల్లీ అంటూ నేల మీద కూలబడ్డాడు.

ఆ మట్టిని ల్యాబులో పొడి చేసి రెండు గాజు జాడీల్లో సమంగా పోశాడు. ఒకదాంట్లో కిరసనాయిలు, రెండోదాంట్లో నీళ్ళు. ఒక రోజు ఆగి రెంటినీ ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాడు.

"రెండిట్లోనూ ఒకటే మట్టి కాంతం, జెరూ దగ్గరిది. కిరసనాయిల్లో వేసింది వేసినంతే ఉంది. నీళ్ళల్లోది ఎంత పొంగిందో చూడు. నువ్వు పోసే నీళ్ళకు నీ పక్క నేల పొంగి రాయిని అవతలికి ఒరగదోసింది. అంతే. బిడ్డకు నీ మీద ఏ కోపమూ లేదు."

కాంతమణి జాడీని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "అయితే తోసింది నేనేనా?"

ఈ మాట వస్తుందని ఆయన అనుకోలేదు. తడబడి, "కామరాజును పిలిపిస్తాను. తవ్వి గట్టి పునాది..." అన్నాడు.

"తవ్వుతారా?" ఆమె గొంతు లేచింది. "దాన్ని మళ్ళీ కదిలిస్తారా? వద్దు. నేనే నీళ్ళు మానేస్తాను. డబ్బాడు నీళ్ళు తప్ప ఇంకేం చేస్తున్నాను దానికి? అదీ మానేస్తాను." జాడీ బల్ల మీద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మానకు," అన్నాడు రోనాల్డ్. "మానితే నీ పక్క ముడుచుకుని రాయి ఇటు పడుతుంది. రెండు పక్కలా తడి సమంగా ఉండాలి. నీ పక్క నువ్వు పొయ్యి. అవతలి పక్క..." ఆయన రెండో జాడీని దగ్గరికి లాక్కున్నాడు. "అవతలి పక్క ఎవరూ పొయ్యలేదు కాంతం. ఇన్నాళ్ళూ అటు ఎవరూ రాలేదు."

ఆమె లేచి, వంటింట్లోంచి ఇంకో డబ్బా తెచ్చి ఆయన చేతికిచ్చింది.

సాయంత్రం ఇద్దరూ కలిసి పోయారు. కాంతమణి తన నీడలో కూర్చుంది. రోనాల్డ్ ఎండ పక్కకు పోయి నెర్రెల్లో నీళ్ళు పోశాడు. పోసినవి పోసినట్టే ఇంకిపోయాయి. కుళాయి దగ్గరికి పోయి మళ్ళీ తెచ్చి పోశాడు. ఆ రాయి ఇప్పట్లో తిన్నగా నిలబడదనీ, వానలు వచ్చినా నిలబడుతుందో లేదో చెప్పలేమనీ ఆయనకు తెలుసు.

"నాన్న వచ్చారు జెరూ," అంది కాంతమణి రాయితో. తర్వాత తలెత్తి ఆయన్ను చూసింది. "చూశారా, అది మీ వైపే ఒరిగింది."

అది ఎందుకు ఒరిగిందో ఆయనే కదా జాడీల్లో పోసి చూపించింది. అయినా డబ్బా కింద పడేసి, రాయిని రెండు చేతులా పట్టుకుని రోనాల్డ్ బావురుమన్నాడు.