పల్లె మూలలో మా బాపు

మా బాపులు ఇద్దరు. ఒకాయన ఆరేళ్ల కింద చనిపోయాడు. రెండో ఆయన కరీంనగర్ రోడ్డు పక్కన ఆనందవనం పార్కులో, సిమెంటు మగ్గం ముందు, సిమెంటు పంచె కట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఇప్పుడు గొడవంతా ఆ రెండో ఆయన గురించి.

పద్దెనిమిదేళ్ల కింద పార్కు కట్టినప్పుడు దాని యజమాని రాంచందర్ సేటుకు నీళ్లలో జారే బండలు, గిరగిర తిరిగే కుర్చీలు సరిపోలేదు. ఒక మూలన పల్లెటూరు కూడా కావాలన్నాడు. బావి, ఎడ్లబండి, కుమ్మరి, తాటిచెట్టు ఎక్కే మనిషి, అన్నీ సిమెంటుతో చేయించాడు. నేత నేసే మనిషి కోసం మా వాడకట్టుకు వచ్చి మా బాపును, అంటే మా నాన్న కైలాసాన్ని, తీసుకుపోయాడు. మూడు రోజులు ఆయన్ని కూర్చోబెట్టి, చూసి, బొమ్మ చేశారు. నేనప్పుడు పదో తరగతి. నిజానికి బాపు చేమగ్గం వదిలి అప్పటికే పదిహేనేళ్లు. ఆయన నడిపేది సాంచెలు, అంటే కరెంటు మగ్గాలు. వాటి దగ్గర కూర్చోవడం ఉండదు. నాలుగు సాంచెల నడుమ పొద్దంతా నిలబడి తిరగడమే. మూడో రోజు ఇంటికొచ్చి, "మూడు దినాలు రాజు లెక్క కూసున్ననే తిరుమలా" అని నవ్వాడు.

కూలి బదులు సేటు ఒక పాసు ఇచ్చాడు. మా ఇంటోళ్లు ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా టికెట్ లేకుండా పార్కుకు రావచ్చు.

ఇంకొక సంగతి ఉంది. బొమ్మ మొత్తం సిమెంటే కానీ మగ్గం మీది పోగులు సిమెంటుతో రావు కదా. బాపే అసలు నూలు తెచ్చి కట్టాడు. నేసినట్టు కనిపించే జానెడు బట్ట సిమెంటు, దాని ముందు సాగదీసి ఉన్న పోగులు నూలు. వానకు, ఎండకు అవి కుళ్లిపోయేవి. ఏటా వానలు తగ్గాక బాపు పాసు పట్టుకుని పోయి, పాత పోగులు తీసి కొత్తవి కట్టి వచ్చేవాడు. ఆయన పోయిన ఏడాది మా అవ్వ ఐలవ్వ, నన్ను కన్న తల్లి, ఒక్క మాట చెప్పకుండా సంచిలో నూలు, కత్తెర పెట్టుకుని బస్సెక్కింది. అప్పటి నుంచి ఆ పని అవ్వదే. ఎందుకు పోతున్నవని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు. మా ఇంట్లో ముఖ్యమైనవన్నీ అట్లాగే నడుస్తాయి.

ఈ ఎండాకాలం మొదట్లో సేటు ఒక బోర్డు పెట్టించాడు. పల్లె మూల తీసేస్తారట. అక్కడ డైనోసార్లు వస్తాయట. తల తిప్పుతాయట, అరుస్తాయట, నోట్లోంచి నీళ్లు చిమ్ముతాయట.

అంతే, జనానికి పూనకం వచ్చింది. చిన్నప్పుడు స్కూలు పిక్నిక్‌లకు ఆ పార్కుకు పోయినవాళ్లంతా ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు. శ్రీహరి అని ఒక పిల్లగాడు, కరీంనగర్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు, 'పల్లె మూల మనది' అని వాట్సాప్ గ్రూపు పెట్టాడు. వారంలో నాలుగు వందల మంది చేరారు. నేనెవరి బిడ్డనో ఎట్లా తెలిసిందో, నన్ను కూడా చేర్చాడు. పొద్దున లేచి చూస్తే రెండు వందల మెసేజీలు. దుబాయిలో పనిచేసే ఒకాయన ఏడుస్తూ ఏడు నిమిషాల వాయిస్ పంపాడు, ఆ బావి దగ్గరే తన ఐదో తరగతి ఫోటో ఉందని. ఇంకొకామె, ఆ ఎడ్లు ఏడాదికోసారి రంగు వేయించుకోక గజ్జి పట్టినట్టున్నాయి, మా పిల్లలు వాటిని చూసి జడుసుకుంటున్నారు, డైనోసార్లే నయం అంది. ఆమె మీద పదిమంది పడ్డారు. ఎడమ ఎద్దుకు మొదటి నుంచీ ఒకే కొమ్ము ఉందా, తర్వాత విరిగిందా అని రెండు రోజులు కొట్లాడారు. నేను సాంచెల కార్ఖానాలో నూలు కండెలు చుట్టుకుంటూ ఇవన్నీ చదివేదాన్ని. ఉంచాలన్నవాళ్లది చదివితే నిజమే అనిపించేది. తీసెయ్యాలన్నవాళ్లది చదివితే అదీ నిజమే అనిపించేది. గోడ మీద పిల్లికైనా ఏ పక్క దూకాలో ఒకనాటికి తెలుస్తుంది. నాకు అదీ తెలియలేదు.

మా బిడ్డ భవ్యశ్రీకి మాత్రం అనుమానమే లేదు. దానికి తొమ్మిదేళ్లు.

"అమ్మా, డైనోసార్లు వస్తె గూడ మన పాసు చెల్లుతదా?" అంది.

"మీ తాత బొమ్మ తీసేస్తరే. నీకు బాధ లేదా?"

"తాత బొమ్మ ఏం చెయ్యదు కదనే. ఊకె కూసుంటది."

చెంప మీద ఒకటి వేద్దామనిపించింది. అది అన్నదాంట్లో తప్పేముందో దొరకక ఊరుకున్నాను.

చివరికి సేటే నాకు ఫోన్ చేశాడు. "ఈ గ్రూపోళ్లు నన్ను పరేషాన్ చేస్తున్నరు తిరుమలా. గాడ కూసున్నది కైలాసం. గందుకని ఐలవ్వ ఏమంటె గదే చేస్త. ఉంచుమంటె ఉంచుత, తియ్యుమంటె తీస్త. ఆదివారం అందరినీ రమ్మన్న. మీరు గూడ రాండ్రి."

ఇగ చూడండి నా తిప్పలు. సోమవారం అడిగితే అవ్వ "ఉండనీ తియ్" అంది. మంగళవారం "తీసుకోనీ, ఆయన పార్కు ఆయనిష్టం" అంది. గురువారం చాటలో బియ్యం చెరుగుతూ కూర్చుంది. నేను గట్టిగా అడిగాను.

"అవ్వా, ఒక్క మాట చెప్పు. నీకు ఏం గావాలె?"

"నాకు సమజైతలేదు బిడ్డా" అంది. "నీకైతున్నదా?"

నాకూ కావడం లేదని చెప్పాను. ఇద్దరం కలిసి బియ్యంలో రాళ్లు ఏరాం. బొమ్మ ఉండాలని నా లోపల ఉంది, ఆ మాట దాచను. బాపు ఫోటో మా ఇంట్లో ఒకటే ఉంది, అదీ ఆధార్ కార్డు మీదిది. దాంట్లో ఆయన దొంగతనం చేసి దొరికినవాడిలా ఉంటాడు. బొమ్మకు కనీసం ఆయన భుజాలున్నాయి, కొంచెం ముందుకు వంగిన ఆ వీపు ఉంది. అది పోతే ఆ వీపు నాకు ఎప్పటికైనా గుర్తుంటుందా? అవ్వ ఉంచుమనాలని లోపల మొక్కుకున్నాను. ఆమె చేత చెప్పించడానికి మాత్రం నోరు రాలేదు.

ఆదివారం పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు భవ్యశ్రీని కూడా తీసుకుని పోయాం. గేటు దగ్గర పాసు చూపించాం. పల్లె మూలలో అప్పటికే ముప్పై మంది ఉన్నారు. సేటు కుర్చీలు వేయించాడు కానీ ఎవరూ కూర్చోలేదు. ఎద్దు కొమ్ము చుట్టూ నిలబడి మళ్లీ అదే పంచాయితీ.

"విరిగిన జాగ సూడున్రి, నున్నగున్నది. మొదటిసంది గింతే!"

"నున్నగుంటె అరిగినట్టు గదనే!"

అవ్వ ఎవరినీ చూడలేదు. నేరుగా మగ్గం దగ్గరికి పోయింది. కొంగుతో బొమ్మ మొహం తుడిచింది. ఎండలకు పోగులు చాలా తెగిపోయి వేలాడుతున్నాయి. ఆమె మగ్గం కింద కాళ్లు దించుకునే గుంట అంచున కూర్చుని, సంచిలోంచి నూలు తీసి, తెగిన పోగు ఒకటి ముడి వేయబోయింది. వేలు జారింది. మళ్లీ పట్టింది, మళ్లీ జారింది. మూడోసారి పోగు కొస కోసం గాలిలో వెతుకుతోంది. పోగు మాత్రం ఆమె వేళ్లకు రెండంగుళాల పక్కన ఉంది.

అవ్వకు కళ్లు కనబడటం లేదు. ఎన్నాళ్ల నుంచో! బియ్యంలో రాళ్లు ఆమె ఏరలేదు, నేనే ఏరాను, చూసుకోలేదు.

శ్రీహరి దగ్గరికి వచ్చాడు. "అక్కా, గివి నిజం పోగులా? మేం తీగెలనుకున్నం. ఎవలు మారుస్తున్నరు?"

"మా బాపు మార్చేటోడు. ఇప్పుడు అవ్వ."

ఆ మాట ఒకరి నుంచి ఒకరికి పోయింది. కొమ్ము పంచాయితీ ఆగింది. ఇన్నేళ్లు ఫోటోలు దిగిన మగ్గానికి ఒక ముసలామె ఏటా బస్సెక్కి వచ్చి పోగులు కడుతుందని ఎవరికీ తెలియదు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. శ్రీహరి అవ్వ పక్కన కింద కూర్చున్నాడు. మంచి పిల్లగాడే, మాట మెత్తన.

"అవ్వా, నువ్వు ఫికర్ చెయ్యకు. ఇగ నీకు గీ తిప్పలుండది. మేమందరం కలిసి నైలాన్ దారం కట్టిస్తం. వానకు నానది, ఎండకు తెగది."

"ఎన్నొద్దులుంటది బిడ్డా?"

"ఎన్నటికీ ఉంటదవ్వా. మనమందరం పోయినా గది పోదు."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. అవ్వ కష్టం తీరింది, బాపు ఉంటాడు, ఇంకేం కావాలి? అవ్వ మాత్రం చేతిలో నూలు పట్టుకుని శ్రీహరి మొహం వైపే చూస్తోంది.

"ఎన్నటికీ?" అంది. "అంటే ఇగ ఎన్నటికీ లెవ్వడా?"

ఎవరికీ అర్థం కాలేదు. నాకూ కాలేదు. సేటు ముందుకు వచ్చాడు. "ఏమంటున్నవ్ ఐలవ్వా? ఎవలు లెవ్వరు?"

అవ్వ బొమ్మ మోకాలి మీద చేయి వేసింది. "సేటూ, మా పనిల పోగులు ఒడిసినయంటె, నేసుడు అయిపోయిందంటె, బట్ట కోసి దించుతం. బట్ట దించినంక మనిషి లేస్తడు. కాళ్లు కడుక్కుంటడు, చాయ తాగుతడు. గాయన గీడ పద్దెనిమిదేండ్ల సంది నేస్తుండు. జానెడు బట్ట జానెడే ఉన్నది. ఒడుసుడు లేదు, దించుడు లేదు. బతికినన్నొద్దులు సాంచెల కాడ నిలవడ్డడు. గీడనన్న కూసున్నడని మొదలు నేను గూడ సంబరపడ్డ. ఆయన పోయినంక సుత ఏటా కొత్త పోగులు దెచ్చి, ఇంకింత నెయ్యి, ఇంకింత నెయ్యి అని కూసుండవెడుతున్న. నేనే లెవ్వనిస్తలేను."

"అవ్వా, గది బొమ్మనే కద..." అన్నాడు శ్రీహరి. "మా అందరికీ గా బొమ్మంటె పానం."

"నువ్వు కూసుంటవా బిడ్డా గాడ? ఒక్క దినం?"

శ్రీహరి తల దించుకున్నాడు. అవ్వ ఆ మాట కోపంతో అనలేదు. నిజంగానే అడిగింది.

తర్వాత సంచిలోంచి కత్తెర తీసింది. కళ్లు సరిగా కనబడవు కదా, ఎడమ చేత్తో పోగుల మీద తడుముకుంటూ పోయింది. సిమెంటు బట్ట అంచు తగిలింది. అక్కడ కత్తెర పెట్టి ఒక్కొక్క పిడికిలి పోగులు కోసింది. కొన్ని దాటిపోతుంటే నేను వాటిని పట్టి ఆమె వేళ్ల మధ్య పెట్టాను. ఎందుకు పెట్టానో నాకు తెలియదు. ఆపుదామనే వంగాను, వంగాక చేతులు వేరే పని చేశాయి. ఆఖరి పోగు తెగాక అవ్వ బొమ్మ మొహం దగ్గరికి వంగింది.

"ఒడిసింది" అంది. "ఇగ లెవ్వు. పొయ్యి కాళ్లు కడుక్కో."

బాపు చనిపోయిన రోజు నేను ఏడవలేదు. వచ్చిన చుట్టాలకు చాయలు కాచడంతోనే పొద్దుపోయింది. ఆ ఏడుపంతా ఆనందవనం పార్కులో, 'త్వరలో డైనోసార్లు' అన్న బోర్డు కింద, ముప్పై మంది ముందు వచ్చింది. ముక్కు చీదుకోవడానికి కూడా సిగ్గుపడలేదు.

సేటు నెత్తి గోక్కున్నాడు. "అంటె తియ్యుమన్నట్టేనా?"

"తియ్యి" అంది అవ్వ. కోసిన పోగులన్నీ చుట్టి సంచిలో పెట్టుకుంది.

భవ్యశ్రీ వచ్చి అమ్మమ్మ చేయి పట్టుకుంది. డైనోసార్ల గురించి గానీ పాసు గురించి గానీ అడగలేదు. ముగ్గురం గేటు వైపు నడిచాం.

నేను ఆగి వెనక్కి చూశాను. బాపు చేతులు రెండూ మగ్గం మీద అట్లాగే ఉన్నాయి. పోగులు లేకపోయేసరికి అవి నేసే చేతుల్లా లేవు. నడుము పట్టేసిన మనిషి చేతులు ఆనించి, లేవబోతూ ముందుకు వంగినట్టు ఉంది. అదే భుజం, అదే వీపు.

"అవ్వా!" అన్నాను. "ఒక్కపారి ఇటు సూడు, బాపును..."

అవ్వ తల తిప్పలేదు. నా మోచేయి పట్టి ముందుకు లాగింది.

"ఎనకకు మర్లి సూడొద్దు బిడ్డా, గట్ల సూస్తె ఆయన పోలేడు. సక్కగ నడువు."