మేనేజరుకు గూడు

కుట్టుమిషను కింద ఊడుస్తున్నాను. గుడ్డ పీలికలు, దారప్పోగులు, వాటి నిండా కుక్క వెంట్రుకలు. పొద్దున ఒకసారి ఊడ్చాను. మళ్ళీ అన్నే ఉన్నాయి. చీపురు దగ్గరికి వచ్చేసరికి మేనేజరు ఒక కాలు మాత్రం పక్కకు జరిపి కళ్ళు మూసుకుంది. మా కుక్క పేరది. నాన్న బట్టలు కుట్టే ముందుగదిలో, మిషను కిందే పడుకుని, వచ్చినవాళ్ళను ఎగాదిగా చూస్తుంది. అది చూసి ఎవరో అలా పిలిచారు. అదే ఉండిపోయింది.

లోపలి గదిలో అన్నయ్య కొడుకు మళ్ళీ దగ్గుతున్నాడు. వాడికింకా ఏడాది నిండలేదు. పిల్లాడికి కుక్క వెంట్రుకలు పడటం లేదని, కుక్కను బయట ఉంచమని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. పెరట్లో గూడు పెడదామనుకున్నాం. నాన్న కూడా తలూపాడు. కానీ ఏ గూడూ ఆయనకు నచ్చదు. ప్లాస్టిక్‌ది ఎండకు ఉడికిపోతుందన్నాడు. రేకుది వానకు మోగుతుందన్నాడు. చెక్కదానికి గుమ్మం పొట్టి అన్నాడు.

"నా పెళ్ళికి ఒక్క సంబంధం చూసి ఒప్పేసుకున్నావు. దీని గూటికి ఇన్ని వంకలా?" అన్నాడు అన్నయ్య.

"ఆ ఒక్కటీ నేనే. కాస్త చూసి మాట్లాడండి," అంది వదిన గదిలోంచి.

నవ్వుతూ అనాల్సిన మాట. నవ్వే ఓపిక ఆమెకు లేదు. రాత్రుళ్ళు పిల్లాణ్ణి భుజాన వేసుకుని గోడకు ఆనుకునే నిద్రపోతోంది.

ఆ సాయంత్రం నాన్న టేపు తీశాడు. మేనేజరును నిలబెట్టి, మెడ నుంచి తోక దాకా, భుజం ఎత్తు, ఛాతీ చుట్టూ కొలిచాడు. ప్రతి కొలతకూ ధారాళంగా లూజు కలిపాడు.

"చేతులు హాఫా, ఫుల్లా? అదీ అడుగు," అన్నాడు అన్నయ్య.

"నోర్ముయ్యరా. లూజు ఉండాలి. రేపు ఒళ్ళు చేస్తే?"

"ఈ వయసులోనా?"

అంత పెద్ద గూడు ఎక్కడా దొరకలేదు. ఆ మాట అన్నయ్య వచ్చి చెప్పినప్పుడు నాన్న పైకి విసుక్కున్నాడు గానీ, మిషను మాత్రం హుషారుగా తొక్కాడు. ఆయనకు కావలసింది గూడు కాదు, గూడు దొరక్కపోవడం. మేనేజరు ఆ మిషను కిందే ఉండిపోవాలి.

మర్నాడు వదిన పిల్లాణ్ణెత్తుకుని వచ్చి, కస్టమర్ల స్టూలు మీద కూర్చుంది.

"మావయ్యా, ఏదో ఒకటి తేల్చండి. లేకపోతే వీణ్ణి తీసుకుని మా అమ్మ దగ్గరికి పోతాను. కోపంతో కాదు. నా వల్ల కావట్లేదు, అంతే."

నాన్న మిషను ఆపాడు.

"ట్రయల్ వేయకుండా నేనెవరికీ ఏదీ ఇవ్వలేదమ్మా. మేనేజరునే గూళ్ళమ్మే కొట్టుకు తీసుకెళ్దాం. దేంట్లోకీ వెళ్ళనందనుకో, అప్పుడు నన్ను అనొద్దు."

వెళ్ళదని ఆయనకు గట్టి నమ్మకం. పుట్టి బుద్ధెరిగాక అది ఇంకో చోట పడుకోలేదు.

ఆటోలో తీసుకెళ్ళాం. కొట్టాయన మమ్మల్నీ కుక్కనూ మార్చి మార్చి చూశాడు.

"దాంతోనే బేరం ఆడిస్తారా టైలరుగారూ?"

నాన్న దాన్ని అన్నిటికన్నా పెద్ద గూటి ముందు నిలబెట్టాడు. అది వాసన చూసి వెనక్కి వచ్చింది. పక్కదాని ముందు నిలబెడితే మొహం తిప్పుకుంది. నాన్న అన్నయ్య వైపు చూశాడు. "నేను చెప్పలా?"

మేనేజరు అప్పటికే మూలకు నడుస్తోంది. అక్కడ ఎవరో వాపసు ఇచ్చిన చిన్న గూడు ఒకటుంది, రంగు పెచ్చులూడిపోయి. అది తల వంచి లోపలికి దూరింది. ఒకసారి గుండ్రంగా తిరిగింది. వీపు చెక్కకు ఆనించి, గుమ్మం మీద గడ్డం పెట్టి, పెద్దగా ఊపిరి వదిలింది.

"నీ కస్టమరు టైట్ ఫిట్టింగే అడుగుతోంది నాన్నా," అన్నాడు అన్నయ్య.

"మేనేజరూ, రా," అన్నాడు నాన్న.

ఒక కన్ను తెరిచింది.

"రా అమ్మా, ఇంటికి పోదాం."

తోక ఒకసారి నేలకు తగిలింది. కన్ను మూసుకుంది.

మధ్యాహ్నానికి గూడు మా పెరటి గోడ వారనుంది. మేనేజరును అందులోకి ఎవరూ తోయలేదు. నేను ముందుగది తడిగుడ్డతో తుడిచాను. వదిన మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నాన్న పక్కన పెట్టింది.

"మీకు కష్టంగా ఉంటుంది మావయ్యా. నాకు తెలుసు."

"దానికి లేదుగా," అన్నాడు నాన్న.

పిల్లాడు కదిలితే వదిన లోపలికి వెళ్ళింది. కాసేపటికి చూస్తే ఇద్దరూ నిద్రపోతున్నారు. వదిన నోరు కొంచెం తెరుచుకుని ఉంది. నేను తలుపు దగ్గరగా వేసి, ముందుగదిలోకి వచ్చాను.

నాన్న ఒక చొక్కా కాలరు కుడుతున్నాడు. కుట్టు పక్కకు పోయింది. విప్పాడు. మళ్ళీ కుట్టాడు, మళ్ళీ పోయింది. మిషను కింద ఖాళీగా ఉన్న మేనేజరు చోటు వైపు ఒకసారి చూసి, చొక్కా మిషను మీదే వదిలేసి లేచాడు. పెరటి వైపు వెళ్తాడేమో అనుకున్నాను. చెప్పులేసుకుని, నా వైపు చూడకుండా, వీధి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.