పదో నోటీసు

యెషయా పోయిన రెండు నెలలకు అతని పేరు మీద నోటీసు వచ్చింది. బడులు తెరిచిన రెండో వారం. దేవకృప బన్సీలాల్‌పేట్‌లోని బడి నుంచి కార్ఖానా ప్రాంతంలోని ఇంటికి వచ్చేసరికి కవరు తలుపు సందులో ఇరుక్కుని ఉంది. చెప్పులు విడవకుండానే చింపింది. లోపల ఒక కాగితం, దాని మీద ఒక ఫొటో. శామీర్‌పేట రోడ్డు మీద తమ్ముడి పిస్తా రంగు ఫియట్ కారు. అరవై దాటకూడని చోట ఎనభై నాలుగు. బండి నడిపిన వ్యక్తి వచ్చే శనివారం ట్రాఫిక్ పోలీసుల తరగతికి హాజరు కావాలి.

ఇలాంటి కవర్లు ఆ ఇంటికి కొత్త కాదు. ఆరేళ్లలో తొమ్మిది వచ్చాయి. ప్రతిసారీ యెషయా తల వంచుకుని, "ఇంకెప్పుడూ జరగదులే అక్కా" అనేవాడు. శనివారం పొద్దున ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తరగతికి వెళ్లి వచ్చేవాడు. కొన్నాళ్లకు మళ్లీ కవరు వచ్చేది.

దేవకృప ఎనిమిది, తొమ్మిది తరగతులకు లెక్కలు చెబుతుంది. తమ్ముడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఎనభై మీద పోయే బండికి బ్రేకు వేస్తే ఆగేలోపు ఎన్ని మీటర్లు పోతుందో కాగితం మీద వేసి చూపించింది. అతను బుద్ధిగా విన్నాడు. తొమ్మిదో నోటీసు వచ్చిన రోజు మాత్రం ఆమె లెక్క చెప్పలేదు. "నీ చేతుల్లో ఎవరో ఒకరు పోతారు. ఆ పాపంలో నాకు భాగం వద్దు" అంది. ఆ ఆదివారం నుంచి గుడికి ఆటోలో వెళ్లడం మొదలుపెట్టింది. అతను కారు బయటికి తీసి, ఇంజను ఆపకుండా గేటు దగ్గర కాసేపు ఎదురు చూసేవాడు. ఆమె ఆటో ఎక్కేది. అలా పదకొండు నెలలు గడిచాయి.

అతని చేతుల్లో ఎవరూ పోలేదు. ఏప్రిల్ పందొమ్మిదిన ఆఫీసు మెట్ల మీద కూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే అతనే పోయాడు. గుండె అన్నారు. నలభై తొమ్మిదేళ్లు.

దేవకృప నోటీసులో తేదీ చూసింది. ఏప్రిల్ ఒకటి, ఆదివారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. మళ్లీ చూసింది. అది ఈస్టరుకు ముందు వచ్చే మట్టల ఆదివారం. ఆ రోజు పొద్దున ఆరింటికే ఇద్దరూ గుడిలో ఉన్నారు. కారు ట్యూనింగుకి ఇచ్చానని చెప్పి అతను కూడా ఆమె ఆటోలోనే వచ్చాడు. ఆమె మట్టలు అందిస్తుంటే అతను స్టూలెక్కి, దారం పళ్ల మధ్య పట్టుకుని గుమ్మానికి కట్టాడు. ఎనిమిదిన్నర దాకా ఆ పనే.

ఆమె లైటు కిందికి వెళ్లి ఫొటో చూసింది. అద్దం వెనక మొహం తెలియడం లేదు. నెత్తి మీద తెల్లటి గుండ్రని టోపీ మాత్రం తెలుస్తోంది. ఆ టోపీ ఎవరిదో ఆమెకు తెలుసు.

*

నోటీసు వచ్చిందనీ, అది ఏ తేదీదో దేవకృప ఫోనులో చెప్పడంతో పద్మనాభం మర్నాడు సాయంత్రమే వచ్చాడు. రాణిగంజ్‌లో మోటారు విడిభాగాల దుకాణం అతనిది. పాత కార్లంటే ప్రాణం. అతను, బ్యాంకులో పనిచేసే రామభద్రరావు, యెషయా కలిసి ఇరవై ఏళ్లుగా ఆదివారం తెల్లవారుజామున కార్లు తీసేవాళ్లు, ఏటా పాత కార్ల ర్యాలీకి వెళ్లేవాళ్లు. ఎవరి కారు ఎవరు నడుపుతారో వాళ్లకే తెలియదు.

"ఎలా ఉన్నారక్కగారూ? చిక్కిపోయారు" అంటూ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

దేవకృప మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, నోటీసు బల్ల మీద పెట్టింది. అతను ఫొటో చూసి కళ్లు మూసుకున్నాడు.

"ఆ రోజు బండి మీ దగ్గరుందా?"

"ఉంది. కార్బ్యురేటర్ బాగు చేసిచ్చాడు మా మెకానిక్. ఎంత హాయిగా లాగిందంటే..." ఆగిపోయాడు. "నేనే నడిపానండీ."

"ఇంతకు ముందు తొమ్మిది?"

పద్మనాభం నీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయినా పట్టుకునే ఉన్నాడు.

"నాలుగో అయిదో నావి. మిగతావి రామభద్రరావువి. ఒకటేమో నిజంగా యెషయాదే, వాళ్ల ఆఫీసులో ఎవరినో ఆసుపత్రికి తీసుకెళ్తూ. మీకు చెప్పే ఉంటాడనుకున్నాం."

"చెప్పలేదు."

"ర్యాలీ వాళ్ల నియమం ఒకటుందక్కగారూ. బండి నడిపేవాడి లైసెన్సు మీద మూడేళ్లలో ఒక్క కేసు కూడా ఉండకూడదు. ఉంటే పేరు రాసుకోరు. నడిపేది మేమిద్దరం. యెషయా పక్క సీట్లో మ్యాపు, గడియారం పట్టుకుని దారి చెప్పేవాడు. పక్క సీటు వాడి లైసెన్సు ఎవరూ అడగరు. అంచేత 'నేను వెళ్లి కూర్చుంటాలే, నాకు శనివారం సెలవేగా' అన్నాడు. మొదటిసారి వాడే అన్నాడు, ఒట్టు. తర్వాత అది అలవాటైపోయింది."

అలవాటు అన్న మాట దేవకృప విన్నది. ఆమె ఖాళీ గ్లాసు అతని చేతిలోంచి తీసుకోవడంతో అతనికి కాస్త ధైర్యం వచ్చింది. జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు.

"మీరు ఇంకోలా అనుకోకండి. రామభద్రరావు రాసిచ్చాడు. ఏప్రిల్ ఒకటిన బండి నడిపింది మా తమ్ముడు యెషయా, అతను చనిపోయాడు అని. కింద మీ సంతకం ఒక్కటి చాలు. పోయినవాడికి శిక్షా ఉండదు, జరిమానా ఉండదు. ఆగస్టులో ర్యాలీ ఉంది. ఈసారి యెషయా పేరు మీద చేద్దామనుకుంటున్నాం. కారు వెనకద్దం మీద వాడి ఫొటో పెట్టి..."

"ఆ ఉదయం తను నా దగ్గరున్నాడండీ. గుడిలో మట్టలు కడుతున్నాడు."

"తెలుసు. కానీ ఎవరడుగుతారు చెప్పండి?"

దేవకృప కాగితం అతనికి తిరిగి ఇవ్వలేదు. నోటీసు మీద పెట్టి, రెండిటి అంచులు సరిగ్గా కలిపింది. పరీక్ష పేపర్లు దిద్దేటప్పుడు అది ఆమె అలవాటు.

"శనివారం పదింటికి తరగతి దగ్గరికి రండి. సంతకం సంగతి అక్కడ చూద్దాం."

"అక్కడిదాకా ఎందుకండీ, ఇక్కడే..."

"అక్కడికే రండి పద్మనాభంగారూ."

ఆ వారమంతా ఆమె బడికి వెళ్లింది, పాఠాలు చెప్పింది, వంట చేసుకుంది. భూస్థాపన రోజు గుర్తొస్తూనే ఉంది. సమాధుల దగ్గర ఎవరో పెద్దాయన, "ఆ కార్ల పిచ్చి, ఆ దూకుడు. గుండె ఎన్నాళ్లు తట్టుకుంటుంది?" అన్నాడు. పద్మనాభం ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. తనూ ఏమీ అనలేదు. పైగా ఆ పెద్దాయన మాటలో నిజముందనే అనుకుంది.

*

ట్రాఫిక్ స్టేషన్ వెనక రేకుల షెడ్డులో తరగతి. పొడుగు బెంచీలు, గోడకు రోడ్డు గుర్తుల పటాలు, ఒక నల్లబల్ల. అప్పటికే పదిహేనుమంది దాకా వచ్చి, ఎవరి ఫోను వాళ్లు చూసుకుంటున్నారు. తరగతి చెప్పే హెడ్ కానిస్టేబుల్ భద్రయ్య బల్ల వెనక కూర్చుని రిజిస్టరులో గీతలు గీస్తున్నాడు. దేవకృప నోటీసు ముందు పెట్టింది. అతను కారు నంబరు చూసి నవ్వాడు.

"యెషయా సార్ బండి! సార్ రాలేదా మేడం? ఆయన మా దగ్గర సీనియర్ స్టూడెంట్ అన్నట్టు."

ఆమె మరణ ధ్రువపత్రం ఇచ్చింది. భద్రయ్య చదివాడు. కుర్చీలోంచి లేచాడు. ఏం చెయ్యాలో తెలియక, లేచినవాడు తన కుర్చీనే ఆమెకు జరిపాడు.

"కూసోండి మేడం. ఎట్ల అయింది?"

"గుండె."

"అరె. గంత నిమ్మళమైన మనిషికి." కాసేపటికి మళ్లీ అన్నాడు. "ఒకపాలి నాకు గొంతు పోయింది మేడం. మాట సుత వస్తలేదు. ఆ దినం క్లాసు యెషయా సారే చెప్పిండు. బ్రేకు కొడితే బండి ఎంత దూరం పోయి ఆగుతదో బోర్డు మీద లెక్క వేసి చూపెట్టిండు. అందరూ గమ్మున విన్నరు. నేను చెప్తే ఎవ్వరు వింటరు? ఎక్కడ నేర్చిండ్రు సార్ అంటే, మా అక్క చెప్పిన లెక్క అన్నడు." ఆమె వైపు చూశాడు. "మీరేనా?"

దేవకృప తలూపింది.

"తను నడపలేదని మీకు తెలుసా?"

"తెల్వకేం మేడం. ఒక ఫొటోల టోపీ ఉంటది, ఇంకోదాంట్ల బట్టతల ఉంటది. సార్‌కేమో నిండ జుట్టు. నేను అడిగిన గూడ. 'రాసుకో భద్రయ్యా, నాకేం తక్లీఫ్ లేదు' అన్నడు. మనిషే వచ్చి సంతకం పెడ్తుంటే నేనేం చెయ్య?"

అప్పుడే పద్మనాభం వచ్చాడు. వేసవి ఎండ ఇంకా పోలేదు, మొహమంతా చెమట. టోపీ లేదు. దేవకృపను చూసి నమస్కారం పెట్టి పక్కన నిలబడ్డాడు. భద్రయ్య అతని మొహాన్నీ, ఫొటోనూ మార్చి మార్చి చూశాడు.

"మీరు పరేషాన్ గావద్దు మేడం. ఓనరు చనిపోయిండని సర్టిఫికెట్ జోడించి ఫైల్ మూసేస్త. ఎవ్వరి సంతకం అక్కర్లేదు."

పద్మనాభం ఊపిరి వదిలాడు. "చూశారా అక్కగారూ, ఇంత చిన్న విషయం. అనవసరంగా మీకు శ్రమ."

"అలా మూస్తే ఇది ఎవరి పేరు మీద ఉంటుంది?" దేవకృప భద్రయ్యను అడిగింది.

"సార్ పేరు మీదనే. పది అయితయి. కానీ ఇగ ఎవ్వరు చూస్తరు మేడం?"

"ముందువి తొమ్మిది దిద్దడానికి వీలుందా?"

"ఆయన సంతకాలున్నయి కదా. కాదు మేడం."

ఆమెకు అలసటగా అనిపించింది. తొమ్మిదిలో ఎనిమిది తప్పని తెలిసి కూడా దిద్దలేని లెక్క. చేతిసంచిలోంచి తను రాసుకొచ్చిన కాగితం తీసింది. రెండే వాక్యాలు. ఏప్రిల్ ఒకటి ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు నా తమ్ముడు యెషయా నాతో గుడిలో ఉన్నాడు. ఆ సమయంలో అతను ఏ వాహనమూ నడపలేదు.

"దీన్ని ఎక్కడ పెట్టాలి?"

భద్రయ్య రిజిస్టరు తిప్పి చూశాడు. "దీనికి గడి లేదు మేడం."

పద్మనాభం ఆ కాగితం చదివాడు. "మేం బలవంతం చెయ్యలేదక్కగారూ," అన్నాడు గొంతు తగ్గించి. "వాడు ఎప్పుడూ నవ్వుతూనే..."

"మీరు బలవంతం చేశారని నేననలేదు. తొమ్మిదిసార్లు మీరు అడిగారో, తనే వచ్చాడో, నాకు తెలియదు. తనకిష్టమై చేశాడు. కానీ ఈ పదోది తను చెయ్యలేదు. ఇష్టమో కాదో చెప్పడానికి తను లేడు. మీరు నన్నడిగారు. నాకిష్టం లేదు."

"ర్యాలీ..."

"తెలుసు. మూడేళ్లు."

"నాకు యాభై ఎనిమిదండీ. మూడేళ్ల తర్వాత కళ్లు ఎలా ఉంటాయో." అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"భూస్థాపన రోజున ఆ పెద్దాయన అన్న మాట మీరూ విన్నారు. అప్పుడైనా నాతో ఒక్క ముక్క చెప్పి ఉండాల్సింది పద్మనాభంగారూ. నేను పదకొండు నెలలు వాడితో సరిగ్గా మాట్లాడలేదు."

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. అన్నాక వెనక్కి తీసుకోలేదు. బెంచీల మీద ఎవరి ఫోనులోంచో పాట మోగి ఆగింది. పద్మనాభం చొక్కా జేబులో, కొస బయటికి వచ్చిన లైసెన్సు కార్డు కనిపిస్తోంది. దాన్ని వేలితో లోపలికి నెట్టాడు. మళ్లీ తీశాడు.

"రాసుకోండి," అన్నాడు భద్రయ్యతో. "బండి నడిపింది నేను."

"ఫైల్ మూస్తున్న గద సార్. జెర ఆలోచించుకోండ్రి."

"రాసుకోవయ్యా."

భద్రయ్య దేవకృప వైపు చూశాడు. అతను రిజిస్టరులో కొత్త గీత గీసి, కార్డు చూసి పేరు, నంబరు ఎక్కించాడు. తరువాతి గడి దగ్గర కలం ఆపి, రోజూ అందరినీ అడిగే గొంతుతోనే అడిగాడు.

"క్లాసుకు ఎన్నోసారి?"

పద్మనాభం వేళ్లు మడిచి లెక్కపెట్టబోయి ఆగాడు. భద్రయ్య వెనక పేజీలు తిప్పి చూసి, అతని పేరు ఎక్కడా లేదని తేల్చుకుని, "మొదటిసారి" అని తనే రాసుకున్నాడు.

"కొత్తోళ్లు ముంగటి బెంచీల కూసోవాలె సార్. ఫోన్ బంద్ చెయ్యండ్రి."

పద్మనాభం వెళ్లి ముందు బెంచీ చివర కూర్చున్నాడు. పెద్ద మనిషికి ఆ బెంచీ ఇరుకుగా ఉంది. దేవకృప మరణ ధ్రువపత్రం వెనక్కి తీసుకుని, గడి లేని తన రెండు వాక్యాల కాగితంతో కలిపి మడిచింది. అంచులు ఈసారి కలవలేదు. భద్రయ్య సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఎనభై అని వేశాడు. ఆమె బయటికి నడిచింది.