చక్రం ఆగింది, బండి ఆగలేదు

నేను ఒక పాత కారు ముందు చక్రం వెనకాల, బురద చిమ్మే చోట, ఎవరి కంటా పడకుండా బతుకు వెళ్ళదీసినదాన్ని. నన్ను సెన్సారు అంటారు. బొటనవేలంత ఉంటాను. మూతి దగ్గర అయస్కాంతం, లోపల సన్నటి రాగితీగ చుట్ట, వెనక ఒక నల్ల వైరు. అంతే నా ఒళ్ళు.

నా పని చెబితే ఇంతేనా అంటారు. చక్రం తిరుగుతోందా, ఆగిందా అని చూస్తూ ఉండడం. చక్రంతోపాటు తిరిగే పళ్ళ కడియం ఒకటి నా ముందు ఉంటుంది. ఒక్కో పన్ను నా మూతిని దాటినప్పుడల్లా నాలో చిటికెడు కరెంటు పుడుతుంది. ఆ కబురు ఇంజను పక్కనున్న పెట్టెకు చేరుతుంది. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోయి బండి జారబోతే, ఆ పెట్టె బ్రేకును క్షణం వదులుతుంది, మళ్ళీ పడుతుంది, మళ్ళీ వదులుతుంది. దాన్నే ఏబీఎస్ అంటారు. అలా వదిలి పట్టేటప్పుడు డ్రైవరు కాలి కింద పెడలు గడగడా కొట్టుకుంటుంది.

మొదట మేం విశాఖపట్నంలో, సముద్రం ఎదురుగా ఉండే ఒక పళ్ళ డాక్టరు దగ్గర ఉన్నాం. ఆయన కారును రోజూ తుడిపించేవాడు, పైపైన. ఉప్పుగాలికి అడుగున నా కడియం తుప్పు పట్టింది. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ తెరిచి చూసిన మనిషి, తన బండి పళ్ళు పుచ్చిపోతున్నాయని ఎరగడు. అలాగే అమ్మేశాడు.

కొన్నది నర్సీపట్నం ఈశ్వర్రావు. లారీలు తోలి తోలి అలిసిపోయి, చింతపల్లి ఘాట్‌లో కిరాయిలు తిప్పుకుందామని మమ్మల్ని తెచ్చుకున్నాడు. ఆయన చేతికి వచ్చాక కడియం చీలింది. ఆ చీలిక నా ముందుకు వచ్చినప్పుడల్లా పన్ను ఉండాల్సిన చోట ఖాళీ కనిపించేది. కనిపించిందే చెప్పాను. చక్రం బిగుసుకుంటోందేమోనని పెట్టె భయపడి బ్రేకు వదిలేది. బండి మెల్లగా ఆగబోయే సమయానికి పెడలు ఎగిరెగిరి పడేది.

ఈశ్వర్రావు తిన్నగా సన్యాసిరావు మేస్త్రీ షెడ్డుకు తీసుకొచ్చాడు.

"మేస్త్రీ, బ్రేకు కాల్ని తన్నుతోందయ్యా."

"లారీ తోలిన కాలు కదా, ఈ బండికి నచ్చలేదేమో."

"ఎగతాళి సెయ్యకు. కిరాయికి పెళ్ళోళ్ళు కాసుకునున్నారు. తన్నుడు ఆగితే సాలు."

"చక్రం ఇప్పి సూడాలి. మిషను పెట్టాలి. రెండ్రోజులు వొదిలీ."

"వొదిలీసి నేనేటి సేసుకోను?"

మేస్త్రీ తల గోక్కున్నాడు. చక్రం జోలికి రాలేదు. బానెట్ ఎత్తి, ఏబీఎస్ ఫ్యూజు ఒక్కటి ఊడబెరికాడు. తన్నుడు ఆగింది. స్టీరింగు ముందు మాత్రం పసుపు దీపం వెలిగింది, ఏబీఎస్ పనిచెయ్యడం లేదని చెప్పడానికి. కిరాయివాళ్ళు చూస్తే అడుగుతారని దాని మీద నల్ల టేపు అంటించారు.

"వానలో జాగర్త. గట్టిగా తొక్కితే చక్రం బిగిసిపోద్ది," అన్నాడు మేస్త్రీ.

"లారీలకున్నాయేటి ఇయన్నీ? నొక్కీ వొదిలీ, నొక్కీ వొదిలీ. నా కాలే ఏబీఎస్సు."

గొప్పకు అన్న మాట కాదది. నిజంగానే అలా తోలాడు. నాలో పుట్టే కరెంటు ఏ ఫ్యూజునూ అడిగి పుట్టదు. చక్రం తిరిగితే చాలు. అందుకని చెబుతూనే ఉన్నాను, వినేవాళ్ళు లేకపోయినా.

తర్వాత ఈశ్వర్రావు కళ్ళకు పొరలు కమ్మాయి. ఎదురొచ్చే బండి మసగ్గా కనిపించేది. అప్పుడు కూతురు నూకరత్నం తాళాలు అడిగింది. డిగ్రీ అయింది, డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. తాను తోలితే ఇల్లు నిలబడుతుందనుకుంది. కిరాయివాళ్ళు మాత్రం, "అమ్మాయైతే ముందు సీట్లో నువ్వు కూకోవాల ఈశ్వర్రావూ," అనేవారు. కళ్ళు కనపడని మనిషి పక్కన ఉంటే వాళ్ళకు ధైర్యం.

తండ్రి ఆమెకు అన్నీ చెప్పాడు. మలుపులో హారను, దిగుడులో రెండో గేరు, పొగమంచులో దీపాలు. టేపు సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. రోజూ చూసీ చూసీ అది ఆయనకు బండిలో ఒక భాగమైపోయింది. స్కూల్లో మాత్రం ఆమెకు ఇంకోటి నేర్పారు: ఏబీఎస్ ఉన్న బండైతే గట్టిగా తొక్కి పట్టుకో, కాలు తియ్యకు.

తండ్రి పక్కన లేకుండా ఘాట్ దిగిన మొదటి కిరాయి పక్కింటి సూరమ్మది. చింతపల్లిలో కూతుర్ని చూసి వస్తోంది. వాన పడుతోంది. మలుపు తిరగ్గానే రోడ్డు నిండా మేకలు. నూకరత్నం నేర్పినట్టే చేసింది. గట్టిగా తొక్కింది, పట్టుకుంది.

నా ముందు పళ్ళు నిలిచిపోయాయి. చక్రం ఆగింది. బండి ఆగలేదు. తడి రోడ్డు మీద పలకలా జారిపోతోంది. ఆమె స్టీరింగు తిప్పింది, బండి తిరగలేదు. ఒక్కసారి కాలు తీసి ఉంటే తిరిగేది. తియ్యకూడదని కదా నేర్పారు. రోడ్డు పక్క పిట్టగోడకు కొట్టుకున్నాం. మేకలు తప్పుకున్నాయి. సూరమ్మ మణికట్టు విరిగింది.

షెడ్డుకు బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. చేతికి కట్టుతో సూరమ్మ కూడా వచ్చింది.

"ముందే అన్నారే అందరూ! ఆడపిల్ల నొక్కితే బ్రేకు పడుద్దేటి?"

నూకరత్నం కారు తలుపు తీసి లోపలికి వెళ్ళింది. మేస్త్రీ ఈసారి చక్రం విప్పాడు. నా వైరుకు మీటరు తగిలించి ఇరుసును చేత్తో తిప్పాడు. "సెన్సారు శుభ్రంగా ఉంది," అన్నాడు. తుప్పు గీకి కడియం చూశాడు. చీలిక కనబడింది. అప్పటికే నూకరత్నం లోపల కూర్చుని టేపు చివర గోటితో లేపుతోంది. కింద పసుపు దీపం వెలుగుతోంది.

"నాన్నా, ఇదేటి?"

ఈశ్వర్రావు రోడ్డు వైపు చూశాడు. "పాత బండి కదమ్మా. డాక్టరు గారి నాటిదేమో."

మేస్త్రీ తలెత్తాడు. మళ్ళీ దించుకున్నాడు. ఫ్యూజు పీకింది తన చెయ్యే.

ఆమె ఆయన్నే అడిగింది. "మేస్త్రీగారూ, నేను తొక్కింది తప్పేటి?"

కాదు అన్న ఒక్క మాట చాలు. సూరమ్మ కూడా వినేది, ఊరంతా చెప్పేది.

"వాన కదమ్మా," అన్నాడాయన. "మన సేతుల్లో ఉంటదేటి?"

కడియం మార్చాలంటే నన్ను తియ్యాలి. తుప్పుతో ఇనుములో ఇనుమునైపోయాను. సుత్తి దెబ్బకు విరిగిపోయాను. కొత్త సెన్సారు, కొత్త కడియం, కొత్త ఫ్యూజు వచ్చాయి. దీపం ఆరిపోయింది. నేను షెడ్డు గుమ్మం పక్క ఇనపసామాను డబ్బాలో పడ్డాను.

ఇక్కణ్ణించి అన్నీ కనిపిస్తాయి. ఆ కారును ఇప్పుడు ఈశ్వర్రావు మేనల్లుడు బంగార్రాజు తోలుతున్నాడు. "అమ్మాయి తోలట్లేదేటి?" అని ఎవరో అడిగితే, "దానికి భయం పట్టుకుంది," అన్నాడు ఈశ్వర్రావు. మేస్త్రీ అక్కడే ఉన్నాడు, పానా తుడుచుకుంటూ.

మొన్న ఆయిలు మార్పించడానికి తెచ్చారు. బంగార్రాజు టీకి వెళ్ళాడు. నూకరత్నం వెనక సీట్లోంచి దిగి, ముందుకొచ్చి, స్టీరింగు దగ్గర కూర్చుంది. ఇంజను ఆపే ఉంది. తలుపు తెరిచే ఉంది. కుడికాలు బ్రేకు మీద పెట్టి గట్టిగా తొక్కింది. తొక్కి, అలాగే పట్టుకుంది. మేస్త్రీ చూశాడు. చూసి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

బంగార్రాజు వస్తున్న అలికిడికి ఆమె కాలు తీసింది. దిగి, వెనక సీట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.