రెండో ట్రాంబోన్ ఆలస్యం

ఆ సింఫనీలో మొదటి మూడు భాగాల్లో ట్రాంబోన్లకు, ఆ జారుడు గొట్టాల బాజాలకు, ఒక్క స్వరం కూడా లేదు. వాటిని ఊదే ముగ్గురూ అరగంటకు పైగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. నాలుగో భాగం మొదలైన కాసేపటికి ప్రార్థనలాంటి చిన్న ముక్క వస్తుంది. చల్లబడిపోయిన పెదవితో, పై స్థాయిలో, పక్కవాడి నిద్ర చెడకుండా తలుపు తీసినంత మెత్తగా దాన్ని మొదలుపెట్టాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటి ట్రాంబోన్ ఊలిగ్ ఆ చోట ఒక్కసారీ తప్పలేదు.

ఈ ఏడు ఆకులు రాలే కాలం నుంచి పెదవి మాట వినడం మానేసింది. గట్టిగా ఊదితే పలుకుతుంది. మెత్తగా మొదలుపెట్టబోతే మాత్రం నాలుక కదులుతుంది, గాలి పోతుంది, పెదవి కదలదు. అరక్షణం ఉత్తగాలి. ఆ తర్వాతే స్వరం. డ్రెస్డెన్ నగరంలో డాక్టరు చూసి, ఇది నరాలకు సంబంధించింది, ఊదేవాళ్ళకే వస్తుంది అన్నాడు. తగ్గుతుందా అని ఊలిగ్ అడగలేదు. డాక్టరు కలం మూత పెట్టిన తీరులోనే జవాబు చూశాడు.

ఈ సంగతి తెలిసిన మనిషి ఇంకొకతె ఉంది. పక్క కుర్చీలో రెండో ట్రాంబోన్ వాయించే హెన్రికే. తొమ్మిదేళ్ళ వయసులో తమ ఊరి చర్చి బాజా బృందంలో ఊలిగ్ దగ్గరే నేర్చుకుంది. చేయి పొట్టిది, జారుడు గొట్టం చివరిదాకా అందేది కాదు. ఆయన దానికి తాడు కట్టి ఇచ్చాడు. కిందటేడు ఆర్కెస్ట్రాలో చోటుకోసం వాయించేది ఎవరో తెలియకుండా తెర వెనక పరీక్ష జరిగినప్పుడు, మొదటి స్వరానికి ముందు పీల్చిన ఊపిరిని బట్టే ఆమెను గుర్తుపట్టాడు. పట్టి, మిన్నకున్నాడు. చోటు ఆమెకే వచ్చింది. కాని ఏడాదిపాటు పరీక్షకాలం. ఏడాది చివర తోటి బాజావాళ్ళు, అంటే ట్రంపెట్, హార్న్, ట్రాంబోన్ ఊదేవాళ్ళు, ఓటు వేస్తేనే చోటు ఖాయం.

నవంబరులో ఒక సాధనలో ఆయన ఉత్తగాలి ఊదిన అరక్షణమూ ఆయన స్వరాన్ని ఆమె పలికించింది. ఆయన పెదవి అందుకోగానే తన స్వరానికి దిగింది. వినేవాళ్ళకు మొదటి ట్రాంబోన్ నిండుగా మొదలైంది. రెండోది అరక్షణం ఆలస్యమైంది.

గొట్టంలో ఊపిరికి చేరిన నీళ్ళు నేలమీదికి వదులుతూ, తల ఎత్తకుండా, "పైది నేను చూసుకుంటాను మేష్టారూ. మీరు కంగారు పడకండి" అంది.

"నాకేం అవసరం లేదు."

"సరే, లేదు" అంది. మర్నాడు మళ్ళీ అలాగే చేసింది. ఆయన రెండోసారి వద్దనలేదు.

ఓటు, కచేరీ ఒకేరోజు పడ్డాయి. పొద్దుటి సాధన అయ్యాక బాజావాళ్ళు తొమ్మిదిమంది శ్రుతి గదిలో చేరారు. ముందు మాటలు, తర్వాత చీటీలు. గట్టెక్కాలంటే ఆరు ఓట్లు రావాలి. హెన్రికే కింద క్యాంటీన్‌లో కూర్చుంది.

మూడో ట్రాంబోన్ ఫోల్క్‌మార్ మొదలుపెట్టాడు. "స్వరం బంగారం, కాదనను. కానీ మెత్తగా ఎత్తుకోవాల్సిన చోటల్లా వెనకబడుతుంది. నేను కింద స్వరం పట్టుకుని, ఆదివారం పూట బస్సుకోసం చూసినట్టు చూడాలి."

"నాకూ వినపడింది" అంది హార్న్ వాయించే ఆవిడ. "గట్టిగా వాయించే చోట టంచనుగా ఉంటుంది. మెత్తగా అంటే భయమేమో పిల్లకి."

"భయపెట్టి నేర్పినవాడు ఇక్కడే ఉన్నాడుగా!" అన్నాడు ట్రంపెట్ ఆయన. అందరూ నవ్వారు.

ఫోల్క్‌మార్ నవ్వలేదు. "ఊలిగ్, పక్కన కూర్చునేది నువ్వు. నీ చెవిలోనే వాయిస్తుంది. నేను పొరబడ్డానంటే చెప్పు, ఇక్కడితో నోరు మూసుకుంటా."

చెప్పాల్సింది చిన్న మాట. ఆ పిల్ల ఆలస్యం కాదు, నాకోసం ముందే వస్తోంది. అంతే. ఆ మాట అంటే రేపు పై అంతస్తు ఆఫీసునుంచి పిలుపు వస్తుంది, ఉద్యోగం పోతుంది. సంగీత పాఠశాలలో నేర్పుకుందామన్నా, పెదవి పోయినవాడి దగ్గరికి పిల్లల్ని ఎవరు పంపుతారు? ఆయనకు ఇంకో పని రాదు. ఇంట్లో గడ్డి కోస్తున్నా మనసులో తాళం లెక్కపెట్టే మనిషి. ఊలిగ్ నోరు తెరిచాడు. తొమ్మిదేళ్ళ పిల్ల తాడు పట్టుకుని గొట్టం లాగడం కళ్ళముందు ఆడింది.

"కొంచెం ఆలస్యమే" అన్నాడు.

చీటీ మీద మాత్రం ఉండాలి అని రాశాడు, రెండుసార్లు దిద్ది మరీ. లెక్కపెడితే నాలుగు అవును, అయిదు కాదు.

కబురు చెప్పాల్సింది మొదటి కుర్చీవాడే, అంటే ఊలిగే. అది రివాజు. క్యాంటీన్‌లో హెన్రికే ముందు బంగాళాదుంపల సూపు మీగడ కట్టి ఉంది.

"ఓట్లు చాలలేదు" అన్నాడు నిలబడే.

చెంచా కింద పెట్టింది. "కారణం?"

"ఎత్తుకోవడం ఆలస్యమని."

"మీరున్నారుగా మేష్టారూ అక్కడ!"

"ఉన్నాను."

"చెప్పలేదా?"

ఆయన కుర్చీ వెన్ను పట్టుకున్నాడు. "నీకు ముప్పై కూడా లేవు, హెన్రికే. ఇంకోచోట…"

"ఈ ఏడు ఇంకోచోట ఖాళీ ఎక్కడుంది? మీకు తెలీదూ?" గొంతు పెంచలేదు. సూపు గిన్నె పక్కకు జరిపి లేచింది. "రాత్రికి నల్ల చొక్కా ఇస్త్రీ చేసుకోవాలి."

సాయంత్రం హాలు నిండింది. మూడు భాగాలూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. హెన్రికే ఊలిగ్ వైపు తిరిగి చూడలేదు. ఈ రాత్రి ఆమె తన స్వరం తాను పలికితే చాలు. ఆ ఉత్తగాలి హాలంతా వింటుంది. అలా చేస్తే బాగుండునని ఊలిగ్ నిజంగానే కోరుకున్నాడు. తను అనలేని మాట ఆ గాలే అనేస్తుంది.

ప్రార్థన ముక్క వచ్చింది. ముగ్గురూ వాయిద్యాలెత్తారు. ఆమె ఊపిరి పీల్చడం వినిపించింది. ఆయన నాలుక కదిలింది, గాలి పోయింది.

ఆయన స్వరం ఆయనకు పక్కనుంచి వినపడింది. మెత్తగా, నిండుగా, ఆయన నేర్పినట్టే. పెదవి అందుకునేదాకా ఆమె దాన్ని పట్టుకుని ఉంది. తర్వాత తన చోటికి దిగింది. ఆలస్యంగా.

చప్పట్ల మధ్య సంచాలకుడు వేలు చాచి ఊలిగ్‌ను ఒక్కణ్ణే లేవమన్నాడు. లేచాడు.

ఫోల్క్‌మార్ కుర్చీలోంచి లేచి, హెన్రికే వెనకగా ఆయన చెవి దగ్గరికి వంగాడు. "చూశావా? ఆఖరిరోజు కూడా అంతే. మన నిర్ణయం తప్పు కాదు."

హెన్రికే తలవంచి జారుడు గొట్టం తుడుచుకుంటోంది. ఊలిగ్ హాలువైపే తిరిగి ఉన్నాడు. చప్పట్లు ఆగలేదు. వంగి దండం పెట్టాడు.