మొలక ఎవరికి దండం పెట్టింది?

బాబాయి బతుకంతా బల్ల కిందే గడిచింది. సినిమాల్లో మనుషుల్ని మింగే చెట్లు ఉండేవి కదా, వాటికి ప్రాణం పోసింది ఆయనే. రబ్బరు ఆకులు, ఇనప తీగలు, నైలాను దారాలు. హీరోయిన్ కెవ్వుమనగానే బల్ల కింద ఈయన దారం లాగేవాడు, పైన కొమ్మ ఆమె నడుం చుట్టేసేది. జనం హడలి చచ్చేవాళ్లు. తెర మీద మాత్రం ఆయన పేరు ఎన్నడూ పడలేదు. దారం లాగేవాడు ఒకడున్నాడని తెలిస్తే ఇక భయమేముంటుందని నిర్మాతల వాదన.

అందుకే, ఫొటోలు తీసే అన్న కూతురు "విజ్ఞాన కేంద్రం వాళ్లకి మొలక మీద చిన్న సినిమా చేస్తున్నా, తోడు రా బాబాయ్. చివర్లో ఇద్దరి పేర్లూ వేస్తారు" అనగానే, చొక్కా గుండీలైనా పెట్టుకోకుండా వచ్చేశాడు.

ఆమె ఇంటి వెనక గది కిటికీకి నల్లగుడ్డ కట్టి, కుండీలో చిక్కుడు గింజ నాటారు. గింజలో దాచుకున్న తిండి ఉంటుంది కాబట్టి చీకట్లోనూ కొన్నాళ్లు పెరుగుతుంది. కెమెరా దానంతటదే కాసేపటికోసారి ఫొటో తీసేది. ఫొటో తీసేటప్పుడు మాత్రం దీపం వెలిగి ఆరేది. నీడలు పడకుండా దీపాన్ని లెన్సు పక్కనే పెట్టడం ఆమె చేతికి అలవాటైన పని.

ఫొటోలన్నీ వరసగా కలిపి ఆడించేసరికి బాబాయి కుర్చీ ముందుకు లాక్కున్నాడు. మట్టి పెకలించుకుని మొలక లేచింది. మెడ నిటారుగా చేసింది. ఆకులు విప్పింది. ఆపైన మెల్లగా ముందుకు వంగి, చూస్తున్నవాళ్లకు దండం పెట్టింది!

"దారం లేదు కదమ్మా?"

"లేదు బాబాయ్."

"ఒట్టు?"

"నీ మీద ఒట్టు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లూ దారాలు లాగి చెట్లని రాక్షసుల్ని చేశాను. ఇదేమో దానంతటదే మర్యాద నేర్చుకుంది!"

ఇక ఊరుకుంటాడా? చుట్టాలందరికీ ఫోన్లు చేసి చాటేశాడు. కేంద్రం అధికారిణి కూడా మురిసిపోయి, "మొలక మీకు నమస్కరిస్తోంది" అన్న మాట ఆయన గొంతుతోనే చెప్పించింది. ఆయన పేరు వేసేది ఆ మాట చెప్పినందుకేనని తేల్చింది.

మరో కుండీతో ఇంకా బాగా తీద్దామనుకున్నప్పుడు బల్బు మాడిపోయింది. ఆమె కొత్తది బిగించి, హడావిడిలో దీపాన్ని పక్కనున్న బీరువా మీద పెట్టి మర్చిపోయింది. ఈసారి ఫొటోలు ఆడిస్తే మొలక లేచింది, ఆకులు విప్పింది, తిన్నగా బీరువాకు దండం పెట్టింది.

అప్పుడు అర్థమైంది ఆమెకు. మొలక వంగింది మనుషులకు కాదు, వెలుగుకు. దారం లేదని ఒట్టు వేసింది గానీ, తన దీపమే దారం. నిజం చెబితే ఆ మాట పోతుంది, దాంతో బాబాయి పేరూ పోతుంది. చెప్పకపోతే అడిగేవాళ్లెవరు? పిల్లలు చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతారు. ఆ రోజంతా ఆయన కంటబడకుండా తిరిగింది. చివరికి ఉండబట్టలేక రెండూ పక్కపక్కన పెట్టి చూపించింది.

"అంటే మనకి కాదన్నమాట," అన్నాడు బాబాయి. మొహం వాడిపోయింది.

"కాదు బాబాయ్. దీపం ఎటుంటే అటు. తెలీకుండా నేనే లాగాను. నువ్వు చెప్పిన మాట తీసెయ్యాలి. నీ పేరు కూడా..."

ఆయన వినిపించుకోలేదు. లేచి వెళ్లి దీపం చుట్టూ తిరిగాడు. "మరి ఇటు పెడితే?"

"ఇటే వస్తుంది."

"వచ్చాక అటు మారిస్తే?"

"తెలీదు. చూద్దామా?"

కొత్త గింజ నాటారు. మొలక ఒక పక్కకు వంగాక దీపం జరపడానికి బాబాయి వెళ్లాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? కెమెరాకు కనబడకుండా బల్ల కింద నుంచి పాకడం మొదలెట్టాడు.

"ఎందుకా పాకడం? లేచి నిలబడు. చెయ్యి అలాగే దీపం మీద ఉంచు, ఫొటో తీస్తా."

సినిమా వేసిన రోజు హాలు నిండా పిల్లలే. మొలక ఎడమకు వంగింది. తెర మీదికి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి వచ్చి దీపాన్ని కుడివైపు జరిపింది. మొలక కాస్త తటపటాయించి, మెల్లగా అటు తిరిగింది.

"ఆ చెయ్యి ఎవరిది?" అని ముందు వరసలో ఎవరో పిల్ల గట్టిగా అడిగింది.

అప్పుడే తెర మీద "దీపం జరిపినవారు" అని, దాని కింద బాబాయి పేరు పడింది. వెనక వరసలో ఆయన లేచి నిలబడి, అదే చెయ్యి పైకెత్తాడు.