కప్ప దూకాలంటే రెండు చేతులూ కావాలి

ఫిజియోథెరపీ చేసే పిల్లని ఇంట్లో అందరూ "జిడ్డు" అంటారు. పట్టుకున్నది వదలదని. ఈసారి వదలనిది మాత్రం ఆమె కాదు, ఆమె దగ్గరికొచ్చే పెద్దావిడ.

పెద్దావిడకి తుంటి ఆపరేషనయింది. ఎముక అతుక్కుంది కానీ భయం పోలేదు. నడక నేర్పే రెండు కమ్మీల మధ్య నిలబెడితే చాలు, ఉడుంపట్టు. వదలమని చెబుదామంటే ఆవిడకి అఫ్ఘాన్ల పష్తో తప్ప ఇంకో భాష రాదు. కొడుకు తర్జుమా చేస్తాడు గానీ, అతనొస్తే తల్లీకొడుకులు ఇంటి కబుర్లలో పడిపోతారు.

"నెలాఖరుకి చేతులు వదలకపోతే వీల్‌చైర్ రాసేద్దాం," అన్నాడు పెద్ద డాక్టరు.

"ఎలా రాస్తాడో చూస్తా," అని జిడ్డు ఇంటికొచ్చి పష్తో వ్యాకరణం ముందేసుకుంది.

క్రియ వాక్యం చివర్లో వచ్చింది. "మనవాళ్ళే," అని సంబరపడింది. అంతలో భూతకాలం వచ్చింది.

"నేను ఆపిల్ తిన్నాను అంటే క్రియ నా మాట వినదటే. ఆపిల్ మాట వింటుందట, దాన్ని బట్టే మారుతుందట."

"తిన్నది నువ్వు, పెత్తనం ఆపిల్‌ది. అచ్చం మన బావగారి కాపురం," అంది చెల్లి.

బ్రౌజర్‌లో ఆడుకునే బుల్లి ఆటలు రాయడం చెల్లి పని. అక్క బాధ చూడలేక ఒకటి రాసిచ్చింది. పైనుంచి బుడగలు పడతాయి, కింద తగిలేలోపు లోపలున్న క్రియ అర్థం టైపు కొట్టాలి. జిడ్డు బస్సులో కూడా బుడగలే పేల్చింది.

వారం తర్వాత ధైర్యంగా పెద్దావిడ ముందు నిలబడి పష్తోలో ఆజ్ఞాపించింది. కొడుక్కి నవ్వాగలేదు.

"మేడమ్, 'లేవ్వే' అన్నారు. మా నాన్న కూడా ఎప్పుడూ అలా అన్లేదు."

పెద్దావిడ మొహం గోడకి తిప్పేసుకుంది.

జిడ్డు వెంటనే చెల్లికి ఫోన్ చేసింది. "మర్యాదగా పిలిచేవి ఏవే?"

"అవి పొడుగు మాటలే అక్కా, బుడగలో పట్టలేదు."

"అయితే బుడగ పెద్దది చెయ్."

మర్యాద వచ్చాక మాటలు కలిశాయి. పెద్దావిడ జిడ్డు పలుకు కూడా దిద్దేది. చేతులు మాత్రం కమ్మీ మీదే.

డాక్టరు పరీక్షకి ముందురోజు, భోజనం వేళ. జిడ్డు ఎత్తు బల్ల దగ్గర నిలబడి చెల్లి రాసిన ఇంకో ఆట, కప్పది, ల్యాప్‌టాప్‌లో ఆడుతోంది. కప్ప నీళ్ళలో పడింది. వెనక కుర్చీలోంచి "చ్చ్చ్" అని వినిపించింది. పెద్దావిడ ముందే వచ్చేసి చూస్తోంది. 'నన్ను ఆడనీ' అన్నట్టు వేలు చూపించింది.

జిడ్డు బల్లని కమ్మీల మధ్యకి తోసి, ఆవిడని లేపి దాని ముందు నిలబెట్టింది. ఎడమచేత్తో కప్పని నడపాలి, కుడిచేత్తో దూకించాలి. పెద్దావిడ కమ్మీ వదలకుండా ఒంటిచేత్తో ప్రయత్నించింది. కప్ప మునిగింది. మళ్ళీ మునిగింది. ఆవిడ పళ్ళు కొరికి రెండో చెయ్యి కూడా తీసి మీటల మీద పెట్టింది.

జిడ్డు ఆవిడ నడుముకి బెత్తెడు దూరంలో చేతులు పెట్టి కాచుకుంది. కష్టపడి నేర్చుకున్న పష్తో మొత్తం గొంతులోనే మింగేసింది.

కప్ప ఒడ్డుకి చేరింది. "బ్యా," అంది పెద్దావిడ. అంటే మళ్ళీ ఆడదామని. అప్పుడు తన చేతులు చూసుకుంది. మొహం పాలిపోయింది.

జిడ్డు బల్లని ఒక అడుగు వెనక్కి లాగి, పష్తోలో మర్యాదగా "రండి" అంది.

పెద్దావిడ ఆమెని చెడామడా తిట్టింది. తిడుతూనే కమ్మీ వైపు చూసింది, కప్ప వైపు చూసింది, కుడికాలు ముందుకేసింది.